ముద్దాయిల లాయరు, పోలీసుల మంత్రి: ఒట్టో షిలీ గురించి ఒక సందేహం

విశాఖ లా విద్యార్థిని:

అందరికీ నమస్కారం. న్యాయశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇతర దేశాల రాజ్యాంగాలతో పోల్చి చదివే పేపరు ఒకటి ఉంది. అందులో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పులు కొన్ని చదవాల్సి వచ్చింది. 1973 ఫిబ్రవరి 14 నాటి ఒక తీర్పులో కోర్టుకెక్కినవాడు స్వయంగా ఒక లాయరు. పేరు ఒట్టో షిలీ. తన కక్షిదారు తరఫున వాదించనివ్వకుండా తనను కేసు నుంచి తప్పించారని ఫిర్యాదు చేసి గెలిచాడు. ఆ కక్షిదారు గుడ్రున్ ఎన్స్‌లిన్. బాంబు దాడులు, హత్యలు చేసిన రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్‌ను స్థాపించినవాళ్లలో ఒకరు.

తర్వాత 2006 ఫిబ్రవరి 15 నాటి ఇంకో తీర్పు చదివాను. హైజాకైన ప్రయాణికుల విమానాన్ని కూల్చే అధికారం సైన్యానికి ఇచ్చిన నిబంధనను ఆ కోర్టు కొట్టివేసింది. ఆ చట్టం తెచ్చిన హోం మంత్రి ఎవరా అని చూస్తే మళ్లీ అదే ఒట్టో షిలీ!

నా హాస్టల్ స్నేహితురాలు, "అవకాశవాది, ఇంకేముంది" అని తేల్చేసింది. మా మాస్టారేమో, "వకీలు వృత్తి వేరు, రాజకీయం వేరు, రెండూ కలపకూడదు" అన్నారు. నాకు రెండూ మింగుడు పడలేదు. తెలిసినవారు కాస్త వివరంగా చెబుతారా? అసలు ఆయన ఒక చోటి నుంచి మరో చోటికి ఎలా వెళ్లాడు?

పాత వకీలు, కాకినాడ:

అమ్మా, మీ స్నేహితురాలిది తొందరపాటు, మీ మాస్టారిది మొహమాటం. నేను క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేసి విరమించినవాణ్ణి. మా అబ్బాయి కాపురం ష్టుట్‌గార్ట్‌లో. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఈ కేసుల గురించి చదువుతుంటాను, అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను. ఓపిక పట్టండి.

షిలీ పేదల లాయరుగా పుట్టలేదు. 1932 జులై 20న బోఖుమ్‌లో ఒక ఉక్కు కర్మాగారం డైరెక్టరు కొడుకుగా పుట్టాడు. మ్యూనిక్, హాంబర్గ్, బెర్లిన్‌లలో చదువుకుని 1963లో పశ్చిమ బెర్లిన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. సూటు, టై, చేతిలో సంచీ, నిదానంగా మాట కోసినట్టు మాట్లాడే పద్ధతి. ఆ రోజుల్లో వామపక్ష విద్యార్థుల చుట్టూ తిరిగిన యువ లాయర్లలో ఈయన వాలకం వేరుగా ఉండేది.

ఆయన దారి మలుపు తిరిగింది 1967 జూన్ 2న. ఇరాన్ షా పశ్చిమ బెర్లిన్ వచ్చాడు. ఒపేరా దగ్గర విద్యార్థులు నిరసన తెలిపారు. పోలీసులు తరిమారు. ఒక ఇంటి పెరట్లో బెన్నో ఓనెజోర్గ్ అనే 26 ఏళ్ల విద్యార్థిని కార్ల్‌హైన్జ్ కుర్రాస్ అనే పోలీసు తల వెనక కాల్చాడు. శవపరీక్షలో తేలిన సంగతి వినండి. గుండు దిగిన చోట కపాలం ముక్కను ఆస్పత్రిలోనే కోసి తీసేశారు, పైన చర్మం కుట్టేశారు. ఆ ముక్క మళ్లీ దొరకలేదు. క్రిమినల్ కేసులు నడిపినవాడికి ఇది చదివితే ఒళ్లు మండుతుంది. హత్య కేసులో అసలైన వస్తు సాక్ష్యం అదే కదా.

చనిపోయినవాడి కుటుంబం తరఫున కోర్టులో నిలబడినవాడు షిలీ. మన దగ్గర బాధితుల లాయరు పబ్లిక్ ప్రాసిక్యూటరు వెనక కూర్చోవాలి, కోర్టు అనుమతిస్తే చివర్లో రాతపూర్వకంగా వాదన ఇచ్చుకోవాలి. జర్మనీలో అలా కాదు. బాధితుల పక్షం విచారణలో భాగస్వామిగా చేరి సాక్షులను నేరుగా ప్రశ్నించవచ్చు. షిలీ ఆ హక్కును పూర్తిగా వాడుకున్నాడు. అయినా కుర్రాస్ నిర్దోషిగా బయటపడ్డాడు. అప్పీలు తర్వాత మళ్లీ విచారణ జరిగినా అదే ఫలితం. (ఈ కుర్రాస్ తూర్పు జర్మనీ గూఢచారి సంస్థకు రహస్యంగా పని చేసేవాడని 2009లో పాత దస్త్రాల్లో బయటపడింది. అదొక వేరే కథ.)

ఆ ఓటమి నుంచి షిలీ ఏం తీసుకున్నాడు అన్నదే మీ ప్రశ్నకు మొదలు. ఆయన తోటి లాయరు హోర్స్ట్ మాలర్ చట్టం మీద ఆశ వదులుకుని 1970లో తుపాకీ వైపు వెళ్లాడు. షిలీ వెళ్లలేదు. మాలర్‌ను అరెస్టు చేశాక ఆయన తరఫున వాదించాడు, అంతే. రాజ్యం తప్పు చేస్తే దాని నియమాలనే దాని ముఖం మీద పెట్టి అడగాలన్నది ఆయన పద్ధతి.

ఇక మీరు చదివిన 1973 తీర్పు. 1972 జూన్‌లో హాంబర్గ్‌లో ఒక బట్టల దుకాణంలో ఎన్స్‌లిన్ పట్టుబడింది. కొద్ది రోజులకే అదే ముఠా నాయకుల్లో ఇంకొకరైన ఉల్రికే మైన్‌హోఫ్ పట్టుబడింది, ఆమె దగ్గర జైలు నుంచి ఎన్స్‌లిన్ రాసిన చీటీ దొరికింది. మోసినవాడు షిలీయే అయి ఉంటాడని అనుమానించి ఆయనను కేసు నుంచి తప్పించారు. రాజ్యాంగ న్యాయస్థానం తప్పు పట్టింది. అనుమానం సరైనదా కాదా అన్నది అక్కడ ముఖ్యం కాలేదు. డిఫెన్సు లాయరును ఇలా తొలగించవచ్చని చెప్పే చట్టం ఏదీ లేదు, చట్టం లేకుండా ఒకరి వృత్తి స్వేచ్ఛను తీసేయకూడదు అన్నది కోర్టు. దాన్ని ఇంకోలా చదివితే, "కావాలంటే చట్టం చేసుకోండి" అని పార్లమెంటుకు చెప్పినట్టే. పార్లమెంటు చేసింది కూడా. 1975 జనవరి 1 నుంచి అనుమానితుడైన లాయరును తొలగించవచ్చు, ఒక ముద్దాయికి ముగ్గురికి మించి ఎంచుకున్న లాయర్లు ఉండకూడదు, ఒకే లాయరు ఇద్దరి తరఫున వాదించకూడదు, నిరాహార దీక్షతో విచారణకు రాలేని స్థితి తెచ్చుకున్న ముద్దాయి లేకుండానే కేసు నడపవచ్చు.

ఆ నిబంధనలన్నీ సిద్ధమయ్యాక, 1975 మే 21న ఆ ముఠా నాయకుల మీద ష్టామ్‌హైమ్ విచారణ మొదలైంది. ష్టుట్‌గార్ట్‌లో యూ15 రైలు చివరి స్టేషను ష్టామ్‌హైమ్. దిగి కొంచెం నడిస్తే జైలు భవనం కనిపిస్తుంది, ఏడో అంతస్తులో ఉంచారు వీళ్లను. కేసు కోసమని జైలు పక్క పొలంలో ప్రత్యేకంగా కోర్టు హాలు కట్టారు. ఆకాశం నుంచి ఎవరూ దిగకుండా పైన ఉక్కు వల. ఆ పరిసరాలు చూసినప్పుడు నాకనిపించింది: ఇలాంటి చోట నిలబడి, "మై లార్డ్, నా కక్షిదారు తీర్పు వచ్చేవరకు నిర్దోషి" అని అనాలంటే గుండె ధైర్యం కావాలి.

192 రోజుల విచారణ. ప్రధాన న్యాయమూర్తి థియోడోర్ ప్రిన్‌సింగ్. కేసు కాగితాలను ఆయన పై కోర్టులోని ఒక జడ్జికి పంపాడని, అక్కడి నుంచి అవి పత్రిక చేతికి చేరాయని 1977 జనవరిలో షిలీ బయటపెట్టాడు. పక్షపాతం ఉందంటూ అభ్యర్థన వేశాడు. కొట్టేశారు. ఇక్కడే తమాషా. కంగారుపడ్డ ప్రిన్‌సింగ్ కోర్టు నియమించిన లాయరు ఒకరికి ఫోను చేసి సంజాయిషీ చెప్పుకోబోయాడు. ముద్దాయిలు ఆ నియమిత లాయర్లను మనుషులుగానే చూసేవారు కాదు, తిట్టేవారు. ఆ లాయరే మర్నాడు ఈ ఫోను సంగతి పెట్టి అభ్యర్థన వేశాడు. అది 85వది. అదే నెగ్గింది, న్యాయమూర్తి తప్పుకోవాల్సి వచ్చింది.

రెండు నెలలు తిరగకుండా ఇంకో పిడుగు. జైల్లో ముద్దాయిలు తమ లాయర్లతో మాట్లాడే మాటలను రహస్య మైకులు పెట్టి విన్నామని బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్ర మంత్రులే ఒప్పుకున్నారు. షిలీ ఆ తర్వాత విచారణకు రావడం మానేశాడు. 1977 ఏప్రిల్ 28న యావజ్జీవ శిక్షలు పడ్డాయి. అప్పటికి మైన్‌హోఫ్ లేదు, 1976 మేలో జైలు గదిలోనే చనిపోయింది. అక్టోబరు 18 తెల్లవారేసరికి మిగతా ముద్దాయిలు బాడర్, ఎన్స్‌లిన్, రాస్పే కూడా పోయారు.

ఇప్పుడు నా అభిప్రాయం. షిలీ నమ్మింది కక్షిదారుల సిద్ధాంతాన్ని కాదు. రాజ్యం చేసే ప్రతి పనికీ ముందు ఒక చట్టం ఉండాలి, ఆ చట్టాన్ని రాజ్యమే మొదట పాటించాలి. ఇదే ఆయన నమ్మకం. 1973లో గెలిచింది ఆ వాదనే. మంత్రి అయ్యాక చేసిందీ అదే: ఏ అధికారం కావాలన్నా చట్టం రాయించాడు, పార్లమెంటులో పాస్ చేయించాడు. అవకాశవాది అయితే దొడ్డిదారిన పని కానిచ్చేవాడు. అయితే చట్టం ఉంటే చాలు అనుకున్నచోట ఆయన బోల్తా పడ్డాడు. చట్టం లేదని అదే కోర్టు 1973లో ఆయనను గెలిపించింది. చట్టం ఉన్నా సరే, మనిషి గౌరవానికి విరుద్ధం అని 2006లో ఆయన రాయించినదాన్ని కొట్టేసింది.

ఇసార్ ఒడ్డు తెలుగువాడు, మ్యూనిక్:

వకీలు గారు కోర్టు సంగతులు చెప్పారు. నేను ఆయన మంత్రిత్వం కింద బతికినవాణ్ణి కాబట్టి ఆ వైపు చెబుతాను.

1998 అక్టోబరు 27న గెర్హార్డ్ ష్రోడర్ మంత్రివర్గంలో హోం మంత్రి అయ్యేనాటికి షిలీకి 66 ఏళ్లు. మన హోం మంత్రిలాగే పోలీసులు, గూఢచారి విభాగం ఆయన చేతిలో. దానికి తోడు పౌరసత్వం, వలసలు, క్రీడలు కూడా. పదవిలోకి వచ్చిన కొన్ని వారాలకే, వలసలు మోయగలిగిన హద్దు దాటిపోయాయని ఒక మాట వదిలాడు. పొత్తులో ఉన్న గ్రీన్స్‌వాళ్లు మండిపడ్డారు.

అదే మనిషి 2000 జనవరి 1 నుంచి పౌరసత్వ చట్టాన్ని మార్చాడు. అంతవరకు జర్మన్ రక్తం ఉంటేనే పుట్టుకతో జర్మన్. కొత్త చట్టంతో, చట్టబద్ధంగా 8 ఏళ్లుగా అక్కడ ఉంటూ శాశ్వత నివాస హక్కు ఉన్న విదేశీయులకు పుట్టిన బిడ్డ కూడా జర్మన్ పౌరుడయ్యాడు (ఆ 8 ఏళ్లను 2024లో 5కి తగ్గించారు). మా అమ్మాయి పుట్టినప్పుడు మునిసిపల్ ఆఫీసు గుమస్తా మా ఇద్దరి నివాస పత్రాలు తిరగేసి, లెక్క చూసుకుని, ముద్ర కొట్టాడు. మేం దరఖాస్తు అంటూ ఏదీ పెట్టలేదు. ఆ ముద్ర వెనక ఎంత గొడవ నడిచిందో నాకు తర్వాత తెలిసింది. మొదట షిలీ ద్వంద్వ పౌరసత్వం ఇవ్వాలనుకున్నాడు. ప్రతిపక్ష సీడీయూ వీధుల్లో సంతకాల ఉద్యమం నడిపి 1999 ఫిబ్రవరిలో హెస్సె రాష్ట్ర ఎన్నిక గెలిచింది. దాంతో రాష్ట్రాల సభ బుండెస్‌రాట్‌లో ప్రభుత్వానికి మెజారిటీ పోయింది. చివరికి, పిల్లలు 23 ఏళ్లలోపు ఏదో ఒక పౌరసత్వం ఎంచుకోవాలనే రాజీ కుదిరింది. ఆ షరతును తర్వాతి ప్రభుత్వాలు సడలిస్తూ పోయాయి, 2024లో పూర్తిగా ఎత్తేశారు. మన దేశం రెండో పౌరసత్వాన్ని ఒప్పుకోదు గనక మనవాళ్లకు ఆ చివరి మార్పుతో ఒరిగింది తక్కువ.

నేను ఇక్కడికి వచ్చింది 2000 ఆగస్టులో మొదలైన గ్రీన్ కార్డు పథకం మీద. 20,000 మంది కంప్యూటర్ నిపుణులకు, ఐదేళ్లకు. డిగ్రీ ఉండాలి, లేదంటే ఏడాదికి లక్ష మార్కుల జీతం చూపాలి. హైదరాబాద్ నుంచి చాలామంది బయలుదేరారు. పథకం ప్రకటించింది ష్రోడర్. షిలీ మొదట పెద్దగా ఉత్సాహం చూపలేదనే ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. అదే ఏడాది నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా ఎన్నికల్లో యుర్గెన్ రుట్గెర్స్ అనే నాయకుడు భారతీయులు వద్దు, మన పిల్లలకు చదువు చెప్పుకుందాం అనే అర్థంలో నినాదం ఎత్తుకున్నాడు. ఓడిపోయాడు లెండి.

ఆ గొడవలోనే షిలీ ఒక తెలివైన పని చేశాడు. వలసల మీద కమిషన్ వేసి, దానికి అధ్యక్షురాలిగా ప్రతిపక్ష పార్టీకి చెందిన రీటా సుస్ముట్‌ను పెట్టాడు. ఆ కమిషన్ 2001 జులైలో, జర్మనీ వలసల దేశమే అని ఒప్పుకోక తప్పదంటూ నివేదిక ఇచ్చింది. దాని మీద చేసిన చట్టం బుండెస్‌రాట్‌లో 2002 మార్చి 22న చూడాలి! బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రం ఓటు పిలిస్తే ఒక మంత్రి అవును అన్నాడు, పక్కనే ఇంకో మంత్రి కాదు అన్నాడు. రాష్ట్రం ఓట్లన్నీ ఒక్క మాటగా పడాలి. సభాధ్యక్షుడు ముఖ్యమంత్రిని మళ్లీ అడిగి, అవును అనిపించుకుని, చట్టం పాస్ అయిందన్నాడు. సీడీయూ ముఖ్యమంత్రులు బల్లలు బాది అరిచారు. ఆ డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఓటు చెల్లదంది. షిలీ మళ్లీ కూర్చుని బేరమాడి, 2005 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చేలా ఇంకో చట్టం తెచ్చాడు. మొదటి దానికన్నా పలుచన. అయినా వచ్చింది.

సందేహాల రావు:

పాత వకీలు గారూ, మీరు తోటి వకీలు అని జాలి చూపుతున్నారు. చట్టం ద్వారానే చేశాడు, దొడ్డిదారి లేదు అంటున్నారే, మరి ఖాలెద్ ఎల్ మస్రి సంగతి?

జర్మన్ పౌరుడు. 2003 చివరి రోజున మాసిడోనియాలో పట్టుకున్నారు. పేరు పోలికతో ఉగ్రవాది అనుకుని అమెరికా గూఢచారి సంస్థ అఫ్గానిస్తాన్ తీసుకెళ్లి నెలల తరబడి బంధించి హింసించింది. 2004 మే చివర్లో అల్బేనియాలో వదిలేశారు. ఆ నెలాఖరునే అమెరికా రాయబారి షిలీని కలిసి, పొరపాటున ఒకణ్ణి పట్టుకున్నాం, వదిలేశాం అని చెవిలో చెప్పాడు. షిలీ బయటపెట్టలేదు. గోప్యంగా చెప్పారు, అప్పటికే అతను విడుదలయ్యాడు అన్నది ఆయన సమర్థన. ష్టామ్‌హైమ్‌లో ప్రతి కాగితం బయటపెట్టమని అరిచిన మనిషేనా ఈయన? మాసిడోనియా బాధ్యత వహించాలని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం చెప్పేసరికి 2012 వచ్చింది.

పత్రికల మాటకొస్తే, 2005లో చిచెరో పత్రిక ఆఫీసు మీద పోలీసు దాడిని షిలీ గట్టిగా వెనకేసుకొచ్చాడు. పోలీసుల రహస్య నివేదిక నుంచి ఆ పత్రిక కొంత ప్రచురించడమే కారణం. 2007లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ దాడి పత్రికా స్వేచ్ఛకు విరుద్ధమంది. వేలిముద్రలు, ముఖం కొలతలు ఉండే పాస్‌పోర్టులను పట్టుబట్టి తెచ్చి, పదవి దిగిన మరుసటి ఏడాదే అలాంటి సాంకేతికత అమ్మే సంస్థల్లో చేరాడు. ఇది కూడా చట్టబద్ధమే అంటారా?

సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆయన తెచ్చిన భద్రతా చట్టాల కట్టకు అక్కడి పత్రికలు ఒట్టో క్యాటలాగ్ అని పేరు పెట్టాయి, ఒట్టో అనే పోస్టు సరుకుల కంపెనీ పేరు మీద. బ్యాంకులు, విమాన సంస్థలు, టెలిఫోన్ కంపెనీల దగ్గరి వివరాలు గూఢచారులు అడిగి తీసుకోవచ్చు. నవ్వులాటగా పెట్టిన పేరే, కానీ సరిగ్గా అతికింది.

లాయరు మంత్రి అయితే ఎలా ఉండాలో చూడాలంటే గెర్హార్ట్ బౌమ్‌ను చూడండి. ఆయనా 1932లోనే పుట్టాడు, డ్రెస్డెన్‌లో. ఆయనా లాయరే. 1978 నుంచి 1982 దాకా హోం మంత్రి. ఉగ్రవాదం భయం ఇంకా చల్లారని రోజులవి. మంత్రిగా ఉండి జైల్లో ఉన్న మాలర్‌తో ముఖాముఖి కూర్చుని మాట్లాడి, ఆ సంభాషణను పత్రికలో రానిచ్చాడు. మంత్రి పదవి పోయాక నల్లకోటు మళ్లీ తొడిగాడు. ఇళ్లల్లో మైకులు పెట్టే చట్టం, విమానం కూల్చే చట్టం, కంప్యూటర్లలోకి రహస్యంగా దూరే చట్టం, ఫోను వివరాలు నిల్వ ఉంచే చట్టం, అన్నిటి మీదా కోర్టుకెక్కి గెలిచాడు. వీటిలో మొదటి రెండిటి వెనకా షిలీ ఉన్నాడు.

విశాఖ లా విద్యార్థిని:

చాలా ధన్యవాదాలు అందరికీ. ఇంత ఉందనుకోలేదు.

రావు గారూ, ఇళ్లల్లో మైకులు అన్నారు కదా, దాని వెనక షిలీ ఎలా ఉన్నాడు? అది 1998 మార్చి నాటిది, అప్పటికి ఆయన ఇంకా మంత్రి కాలేదు. ఇంకొకటి, ఆయన గ్రీన్ పార్టీవాడని ఒక చోట, సోషల్ డెమొక్రాట్ అని ఇంకో చోట చదివాను. ఏది సరైనది?

పాత వకీలు, కాకినాడ:

రెండూ సరైనవే అమ్మా. రావు గారికి తర్వాత జవాబు చెబుతాను, ముందు మీకు.

1980లో గ్రీన్ పార్టీ పుట్టినప్పుడు స్థాపకుల్లో షిలీ ఒకడు. 1983 మార్చిలో 5.6 శాతం ఓట్లతో వాళ్లు మొదటిసారి పార్లమెంటుకు వచ్చారు. చేతిలో మొక్కలు, ఒంటి మీద స్వెట్టర్లు. మధ్యలో ఈయన సూటు. అక్కడ ఆయనకు నచ్చిన పని దొరికింది, క్రాస్ ఎగ్జామినేషన్. ఫ్లిక్ వ్యాపార సంస్థ 1975లో తన డైమ్లర్ బెంజ్ వాటాలను 190 కోట్ల మార్కులకు అమ్మి, దాని మీద పన్ను మినహాయింపు కోసం పార్టీలన్నిటికీ డబ్బు పంచిన వ్యవహారం మీద విచారణ సంఘం వేశారు. ఎవరి పేరున ఎంత ఇచ్చారో ఫ్లిక్ మేనేజరు పద్దు రాసుకున్నాడు. ఆ పద్దు చేతపట్టుకుని షిలీ ఒక్కొక్క పెద్దమనిషినీ ప్రశ్నించాడు. ఆర్థిక వ్యవహారాల మంత్రి లాంబ్స్‌డోర్ఫ్ 1984 జూన్‌లో రాజీనామా చేశాడు, అక్టోబరులో పార్లమెంటు అధ్యక్షుడు బార్జెల్ వంతు వచ్చింది. ప్రధాని స్థానంలో ఉన్న హెల్ముట్ కోల్ అబద్ధపు సాక్ష్యం చెప్పాడని 1986లో షిలీ నేరుగా క్రిమినల్ ఫిర్యాదు ఇచ్చాడు. కోల్ పార్టీ ప్రధాన కార్యదర్శి టీవీలో, ఆ క్షణంలో ఆయనకు జ్ఞాపకం తప్పి ఉంటుంది అనే అర్థంలో సర్దిచెప్పబోయి నవ్వులపాలయ్యాడు. ప్రాసిక్యూటర్లు చివరికి కేసు మూసేశారు.

అదే ఏడాది మార్చిలో పార్టీయే షిలీని పార్లమెంటు నుంచి దింపేసింది. సగం కాలం తర్వాత సభ్యులు సీటు ఇంకొకరికి ఇవ్వాలన్నది వాళ్ల నియమం. పద్దు పుస్తకం చేతిలో ఉన్నవాణ్ణి ఇలా సీటు నుంచి లేపడం ఏం రాజకీయమో నాకిప్పటికీ అర్థం కాదు. 1987లో మళ్లీ గెలిచాడు గానీ మనసు విరిగింది. 1989 నవంబరులో సోషల్ డెమొక్రాట్ల పార్టీ ఎస్‌పీడీలో చేరాడు. 1990 మార్చిలో తూర్పు జర్మనీ ప్రజలు కోల్ కూటమికి ఓటేసిన రాత్రి, ఎందుకు గెలిచారని టీవీవాళ్లు అడిగితే జేబులోంచి అరటిపండు తీసి చూపించాడు. తిండికి అమ్ముడుపోయారని వెటకారం. అది ఆయన జీవితంలో అతి చవకబారు క్షణం అని నా ఉద్దేశం.

దానికి ఎదురుగా ఇంకొకటి పెడతాను. 1997 మార్చి 13న, హిట్లర్ సైన్యం నేరాల ప్రదర్శన మీద పార్లమెంటులో చర్చ. తన ఇంటివాళ్ల గురించి మాట్లాడుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. యుద్ధంలో పోయిన బంధువు గురించి, గాయపడ్డ అన్న గురించి, తండ్రి గురించి చెప్పాడు. చివరికి తన భార్య తండ్రి, జర్మన్ సైన్యం మీద పోరాడిన యూదు గెరిల్లా, వీళ్లందరిలో న్యాయమైన దాని కోసం ప్రాణాలొడ్డినవాడు ఆయనొక్కడే అన్నాడు. ఆ మాట చెప్పడానికి సభలో చాలామందికి నోరు రాదు.

మైకుల సంగతి. 1998లో ఎస్‌పీడీ తరఫున కోల్ ప్రభుత్వంతో కూర్చుని రాజ్యాంగం 13వ అధికరణం సవరణకు బేరం కుదిర్చినవాడు షిలీ. నేరగాళ్ల ఇళ్లల్లో మైకులు పెట్టడానికి వీలు కల్పించే సవరణ అది. 1977లో తన మాటలు దొంగచాటుగా విన్నారని విచారణ మానేసినవాడే ఇది చేశాడు. రావు గారూ, ఇక్కడ నేను మీతోనే ఉన్నాను. ఇదే విషయం మీద న్యాయశాఖ మంత్రి సబీనె లాయ్‌ట్‌హాయిసర్ ష్నారెన్‌బెర్గర్ 1996లోనే పదవి వదులుకుంది. ఆమె, బౌమ్, వాళ్ల పార్టీ సహచరుడు హిర్ష్ వేసిన కేసులో 2004 మార్చి 3న ఆ అమలు చట్టం చాలామటుకు కూలింది. ఎల్ మస్రి విషయంలో కూడా నేను సమర్థించను. చెప్పకుండా ఉండిపోవడానికి ఏ చట్టమూ ఆయనను బలవంతపెట్టలేదు.

అయినా అవకాశవాది అనే మాట మాత్రం ఒప్పుకోను. 2001లో నియో నాజీ పార్టీ ఎన్‌పీడీని నిషేధించమని ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. ఆ పార్టీ తరఫు లాయరు ఎవరో తెలుసా? హోర్స్ట్ మాలర్! తీవ్ర వామపక్షం నుంచి తీవ్ర కుడిపక్షం దాకా నడిచాడు. ఒకప్పుడు మాలర్ ముద్దాయి, షిలీ ఆయన లాయరు. ఇప్పుడు అటు మాలర్, ఇటు ప్రభుత్వం. 2003 మార్చిలో కేసు ఆగిపోయింది, ఆ పార్టీ నాయకత్వంలోనే ప్రభుత్వ గూఢచారులు కూర్చుని ఉన్నారని తేలడంతో. ఏది పార్టీ మాట, ఏది గూఢచారి మాట అని కోర్టుకు తేడా తెలియలేదు. తన శాఖ అజాగ్రత్త వల్ల ఓడిపోయాడు షిలీ. అది చేతగానితనమే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇద్దరిలో నిలకడ ఎవరిదో మీరే చెప్పండి.

సందేహాల రావు:

మాలర్ పక్కన నిలబెడితే ఎవరైనా నిలకడగానే కనిపిస్తారు లెండి. బౌమ్ పక్కన నిలబెట్టి చూడమన్నాను నేను.

విశాఖ లా విద్యార్థిని:

మీ ఇద్దరి వాదనా నోట్సులో రాసుకున్నాను. ఒక సాయం కావాలి. ఈ 2006 కేసు మీద మా కాలేజీలో మూట్ కోర్టు (విద్యార్థులు లాయర్లుగా వాదించే ఉత్తుత్తి కోర్టు) పెట్టారు. చీటీలు తీస్తే నాకు ప్రభుత్వం వైపు పడింది! ఓడిపోయిన పక్షం. ఏం వాదించాలి?

పాత వకీలు, కాకినాడ:

శుభం. లాయరుకు కావాల్సిన అనుభవమే అది.

కథను ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మొదలు పెట్టండి. 2003 జనవరి 5న ఒకతను చిన్న మోటారు గ్లైడరు ఎత్తుకొచ్చి యూరప్ సెంట్రల్ బ్యాంకు మీద పడేస్తానని బెదిరిస్తూ నగరం మీద చక్కర్లు కొట్టాడు. కింద భవనాలు ఖాళీ చేయించారు. అలాంటప్పుడు ఎవరు ఎవరికి ఆదేశం ఇవ్వాలో చట్టం లేదు. మీ మొదటి వాదన ఇదే: లోటు నిజమైనది. రెండోది, నేల మీద ఉన్నవాళ్ల ప్రాణాలు కాపాడే బాధ్యత రాజ్యానికి ఉంది, ఆ బాధ్యత కూడా రాజ్యాంగం నుంచే వచ్చింది.

అవతలివాళ్లు విపత్తుల్లో సైన్యాన్ని దేశం లోపల ఎంతవరకు వాడవచ్చో హద్దు పెట్టే 35వ అధికరణం ఎత్తుతారు. 2012 జులైలో ఆ కోర్టు రెండు ధర్మాసనాలూ కలిసి కూర్చుని, అసాధారణమైన విపత్తుల్లో సైనిక సాధనాలు వాడవచ్చని ఆ భాగాన్ని కొంత సడలించాయి. అది మీకు పనికొస్తుంది. కానీ మూట్ సమస్యలో తేదీ 2006 అని కట్టి ఉంటే జాగ్రత్త, ముందే అడిగి తెలుసుకోండి.

బెంచి అడిగే అసలు ప్రశ్న వేరు: విమానంలో ఉన్న నిర్దోషులను మీరు మనుషులుగా చూస్తున్నారా, ఆయుధంలో భాగంగా చూస్తున్నారా? వాళ్లు ఎలాగూ చనిపోయేవాళ్లే కదా అని మాత్రం అనకండి. ఆ వాదనను కోర్టు తీర్పులోనే తిప్పికొట్టింది, బతుకు ఎంత మిగిలినా గౌరవం ఒకటే అని. లోపల ప్రయాణికులు లేకుండా ఉగ్రవాదులు మాత్రమే ఉన్న విమానం వేరు అని ఆ తీర్పే చెబుతుంది. అక్కడ పట్టు దొరుకుతుంది. అక్కడి నుంచి మొదలు పెట్టి, ప్రయాణికుల దగ్గరికి మెల్లగా రండి. తొందరపడితే మొదటి ప్రశ్నకే కూర్చోబెడతారు.